పాతమిద్దె బాగుచేతకు మేస్త్రీ

పంచాయతీ సభ్యులారా,

మార్కాపురం, గిద్దలూరు పల్లెలలో రాతిగోడల మట్టిమిద్దెలు నేటికిని కలవు. వాటిని బాగుచేయించుకొనువారు మీ సలహా కోరుదురు. తక్కువ కూలి చెప్పినవానికంటె పని తెలిసిన మేస్త్రీయే మేలని చెప్పవలెను. అతడు పూర్వము బాగుచేసిన ఇండ్లు వానకు కారుచున్నవో లేదో ఆ ఇంటివారినే అడుగవలెను.

బురదమట్టితో పేర్చిన గోడపై సిమెంటు స్లాబు వేయుటకు ముందు ఇంజనీరు చూడవలెను. బరువు మోయలేని గోడ ప్రాణములు తీయును.

పని, సామగ్రి, కూలి, గడువు కాగితముపై వ్రాసికొని, పని సాగినకొలది సొమ్ము చెల్లింపవలెను. కొంత సొమ్ము తొలివాన వరకు నిలుపుటకు మేస్త్రీ ముందే అంగీకరింపవలెను. ఎండకాలమున స్లాబును కనీసము 10 దినములు తడిపియుంచవలెను. నీటి ఎద్దడిగల మన సీమలో ఆ నీరు ఎవరు తేవలెనో మొదటనే తేల్చుకొనవలెను.

ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును మీ సలహా కాపాడగలదు.