జ్వరపు లెక్కలో ముప్పదిరెండు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఒకే వస్తువును రెండు పేర్లతో పిలుచుట క్రొత్త గాదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము. వేడిమి కొలతలయందు మాత్రము ఈ నేర్పు మనకు చాలుట లేదు. బిడ్డకు జ్వరము వచ్చినచో ఇంట ఫారన్‌హీటులో చూతుము. ఆస్పత్రి చీటిలో సెల్సియస్ అంకె యుండును. పెద్దలు సెంటిగ్రేడు అనునది ఇదియే. 1948లో దానికి సెల్సియస్ అను పేరు అంతర్జాతీయముగా స్థిరపడినది.

1724లో ఫారన్‌హీటు తన కొలతను ప్రకటించెను. మంచు, నీరు, నవాసారము కలిపిన మిశ్రమపు చల్లదనమే ఆయనకు సున్న. అందుచే నేడు ఆ కొలతలో నీరు గడ్డకట్టుట 32 వద్ద, మరుగుట 212 వద్ద. 1742లో స్వీడను దేశీయుడగు సెల్సియస్ ఆ నడిమి దూరమును నూరు భాగములు చేసెను. విచిత్రమేమనగా, ఆయన మరుగు నీటికి సున్నయు, మంచునకు నూరును పెట్టెను! తరువాతివారు దానిని తిరుగవేసిరి.

ఒకచో 180 భాగములు, ఒకచో 100. కనుక 9 ఫారన్‌హీటు డిగ్రీలు 5 సెల్సియస్ డిగ్రీలకు సమానము. సున్నలు వేరగుటచే మొదట 32 తీసివేసి, పిదప 5చే హెచ్చించి, 9చే భాగింపవలెను. 104లో 32 పోగా 72. దానినుండి వచ్చునది 40.

ఇంత శ్రమ యేలనని కొందరు 30 తీసి సగము చేయుదురు. ఉదకమండలమునందో కొడైకెనాలునందో చలిదినమున 50 డిగ్రీలున్నచో ఈ చిట్కా సరిగా 10 చెప్పును. ఆ నమ్మకముతోనే 104 జ్వరమును లెక్కింపుడు: 37 వచ్చును! అది ఆరోగ్యవంతుని యొడలి వేడి. బిడ్డ కాగిపోవుచుండగా కాగితముపై జ్వరము లేదని తేలును. ఈ చిట్కాను వాతావరణమునకే విడిచిపెట్టుడు.

సెల్సియస్ నుండి మరలుటకు నోటిలెక్క ఒకటి కలదు, ఇది తప్పదు. అంకెను రెట్టించి, వచ్చినదానిలో పదవవంతు తీసి, 32 కలుపుడు. 39కి రెట్టింపు 78, 7.8 పోగా 70.2, 32 కలుపగా 102.2.

ఇక వ్యత్యాసముల సంగతి. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించిన కోయంబత్తూరులో, నూలు మిల్లు పని ఎరిగిన ఇండ్లు మనలో తక్కువ గావు. గాలి పొడిబారినచో నూలు తెగును గనుక మిల్లులలో పొడిబల్బు, తడిబల్బు థర్మామీటర్లను ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి, రెంటికిని గల తేడాను బట్టి తేమను తెలిసికొందురు. పొడిబల్బు 95, తడిబల్బు 86 అనుకొనుడు, తేడా 9. సెల్సియస్‌లో అవి 35, 30, తేడా 5. తొమ్మిదిలోనుండి 32 తీయబోయినవాడు ఎక్కడ తేలునో చెప్పనక్కరలేదు. తేడాకు సున్నతో పని లేదు. 5చే హెచ్చించి 9చే భాగించిన చాలును.

జ్వరమునందును ఇంతే. 104 నుండి 102కు దిగగా, "రెండు డిగ్రీలు తగ్గినదండీ" అని తల్లి ఫోనులో చెప్పును. సెల్సియస్‌కు అలవాటుపడిన నర్సు 40 నుండి 38కి, అనగా 100.4కు, దిగినదని తలచును. బిడ్డ యొంటిమీద ఇంకను 102 ఉన్నది. కావున ఎంత తగ్గినదో చెప్పుటకంటె, ఇప్పుడెంత యున్నదో చెప్పుడు. నేటి ఎలక్ట్రానిక్ థర్మామీటరుపై అంకె ప్రక్క ఎఫ్ అనియో సి అనియో చిన్న యక్షర ముండును. దానిని గూడ చదివి చెప్పుడు.