ఆకుమడి వేళకు అందాల్సిన అప్పు

  

మన కోనసీమలో కొత్తపేట, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల బ్యాంకు శాఖల్లో పంట రుణాలు చూస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ నాకు తెలిసొచ్చింది ఇదీ: చిన్న రైతుకు అప్పు ఎంత ఇచ్చామన్నది తర్వాత, ఎప్పుడు ఇచ్చామన్నది ముందు. సార్వాకు ఆకుమడి పోసేనాటికే విత్తనానికి, దమ్ముకు, ఊడ్పు కూలీలకు డబ్బు చేతిలో ఉండాలి. లేదంటే ఊడ్పు వెనకబడుతుంది, కోత తుపాన్ల రోజుల్లోకి జరుగుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు మన చేలు ఏమయ్యాయో ఇంట్లో పెద్దవాళ్లనడగండి.

బ్యాంకులో పుట్టని అప్పు కోసం రైతు ఎరువుల కొట్టుకో, ధాన్యం వ్యాపారి దగ్గరకో వెళ్తాడు. అక్కడ నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణాన్ని గడువులో తీర్చేస్తే పడేది 4 శాతమే. పైగా వ్యాపారి దగ్గర అప్పు తెస్తే ఆయనకే ధాన్యం కొలవాలి, ఆయన చెప్పిన ధరకు, ఆయన తీసిన తరుగుకు.

కార్డులు 1998 నుంచీ ఉన్నాయిగా అంటారేమో. కానీ మన దగ్గర చేలో దిగేది ఎక్కువగా కౌలుదారు, పాసుపుస్తకం మాత్రం యజమానిది. కౌలుదార్ల కోసమే 2011లో ఒక చట్టం, 2019లో ఇంకొకటి వచ్చాయి. ఇప్పుడిచ్చే సాగు హక్కు కార్డు 11 నెలలకు. దానికి యజమాని సంతకం కావాలి. పెడితే భూమి పోతుందని ఆయన భయం. పోదని ఆ 2019 చట్టమే చెబుతోంది. ఒక్కోచోట ఆయనే ఆ పొలం మీద పంట రుణం తీసుకుని ఉంటాడు, సాగు చేసేవాడికి ఇక మిగిలేదేమీ లేదు. నన్ను ఇన్నేళ్లుగా బాధపెడుతున్నది ఇదే.

2010లో మన రాష్ట్రం సూక్ష్మ రుణ సంస్థలకు కళ్లెం వేసింది. ఆ సంస్థల్లా వారం వారం కిస్తీ కట్టమంటే వరి రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? పంట డబ్బు వచ్చేది కోత అయ్యాకే కదా! నలుగురి నుంచి పదిమంది దాకా కౌలుదార్లు ఒకరికొకరు పూచీ ఉండే ఉమ్మడి బాధ్యత బృందాలకు నేను జూన్‌లోనే అప్పు ఇప్పించేవాణ్ణి. వాళ్లు మొదట కొన్నది మంచి విత్తనం. పల్లపు చేలకైతే రెండు వారాలు మునిగినా తట్టుకునే స్వర్ణ సబ్-1 ఉండనే ఉంది.

అప్పుతోనే అన్నీ తీరవు. మురుగు కాలువలు పూడిపోయి, ధర గిట్టక 2011లో ఇదే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దానిపై ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ పంట విరామం మాట వినిపించింది.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. వడ్డీ లెక్కలు చకచకా చేసేస్తారు! మరి మీ నాన్న ఎకరాకు ఎన్ని బస్తాల కౌలు కొలుస్తున్నాడో చెప్పండి చూద్దాం. తెలియదా? ఇవాళ ఇంటికెళ్లగానే అడగండి. కౌలు చేసే ఇల్లయితే నాన్నను వెంటబెట్టుకుని యజమాని దగ్గరకు వెళ్లి, ఆ 2019 చట్టం ఆయనకు నిదానంగా చదివి వినిపించండి. ఆకుమడి పోయకముందే వెళ్లండి.