తోటల వారిని అడిగిన ప్రవక్త (స)



హిజ్రీ 5వ సంవత్సరంలో శత్రుసేనలు మదీనాను ముట్టడించాయి. కందకానికి ఈవల ఆకలి, చలి, భయం. మదీనా ఖర్జూరపు పంటలో మూడవ వంతు ఇస్తే గతఫాన్ తెగ మరలిపోయేలా ఒక ఒప్పందం వ్రాయబడిందని సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి. అయితే అది ఖాయం కాకముందే దైవప్రవక్త (స) అన్సార్ నాయకులైన సఅద్ బిన్ ముఆజ్, సఅద్ బిన్ ఉబాదా (రజి)లను సంప్రదించారు. ఆ తోటలు వారి ప్రజలవే మరి!

ఇది అల్లాహ్ ఆజ్ఞా, లేక మా మేలు కోరి తమరు తలపెట్టినదా అని వారు అడిగారు. ఆజ్ఞ అయితే వారికి మారుమాట లేదు. మీ మేలు కోరియేనని ఆయన సెలవిచ్చారు. వారు సమ్మతించలేదు. ఆ వ్రాత చెరిపివేయబడింది.

నష్టం భరించవలసినవారినే, ముందుగానే అడిగారు. కాదన్న మాటను మన్నించారు.

మన కమిటీలో? తీర్మానం వ్రాసి, నమాజు ముగిశాక “అందరికీ సమ్మతమేనా?” అంటూ చేతులెత్తిస్తారు. ఇది షూరా కాదు, సాక్షుల సేకరణ. స్త్రీల వుజూ స్థలాన్ని మార్చేముందు స్త్రీలను అడిగిన ముతవల్లీలు ఎందరు?

గ్రామసభకు పిలుపు వచ్చినపుడు మీరూ వెళ్ళండి. ఆ ఇద్దరు సఅద్‌ల వలె మొదటే అడగండి: ఇది నిర్ణయమైపోయిందా, మా మాటకు ఇంకా చోటుందా?