ఏ గదిలో పడుకుంటారో తెలిసినవాళ్లు

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

ఈ వేదిక మీద గొప్ప శాస్త్రవేత్తల గురించి వినే ఉంటారు. నేను జపాన్ వడ్రంగుల గురించి, రైతుల గురించి, కొట్లు నడుపుకునేవాళ్ల గురించి చెబుతాను.

1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు కోబే ప్రాంతంలో భూమి కంపించింది. 6,400 మందికి పైగా చనిపోయారు. భూకంపం పుట్టిన పగులు దగ్గరే, అవాజీ దీవిలో హొకుదాన్ అనే చిన్న ఊరుంది. అక్కడ పాత పెంకుటిళ్లు కుప్పకూలాయి. వాటి కింద చిక్కుకున్న సుమారు 300 మందిని ఆ రోజే బయటికి తీశారు. తీసింది సైన్యం కాదు. ఊళ్లోని షోబోదాన్, అంటే స్వచ్ఛంద అగ్నిమాపక దళం, దాంతో కలిసిన ఇరుగుపొరుగు. ఏ ఇంట్లో ముసలమ్మ ఏ గదిలో పడుకుంటుందో వాళ్లకు తెలుసు. అందుకే కుప్పంతా తవ్వలేదు, ఆ మూలే తవ్వారు.

అదెలా తెలుసు? ఈ దళంవాళ్లకు పగలు ఎవరి పని వాళ్లది: వడ్రంగం, వ్యవసాయం, కొట్టు. చేతికందేది నామమాత్రపు భత్యం. పంపు పనిచేస్తోందో లేదో చూసుకుంటారు, ఊరి పండగకు కాపలా కాస్తారు, చలికాలం రాత్రుళ్లు చెక్కలు కొడుతూ ‘నిప్పు జాగ్రత్త’ అని వీధులు తిరుగుతారు. చూసేవాళ్లకు అది పనిలేని తిరుగుడే. ఎవరింట్లో దీపం వెలగడం లేదో తెలిసేది మాత్రం అందులోనే.

ఇలా ఊరివాళ్లే దళం కట్టడం పాత అలవాటే. 1720లో ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో న్యాయాధికారి ఓఒకా తదసుకె పేటలవారీగా ఇలాంటి దళాలు కట్టించాడు. వాటికి ఇళ్లు కట్టే పనివాళ్లే ఆయువుపట్టు. అప్పట్లో మంట పాకకుండా పక్క ఇల్లు కూల్చాల్సి వచ్చేది. కట్టినవాడికి తెలిసినంతగా కూల్చడం ఇంకెవరికి తెలుస్తుంది!

దీన్ని ముచ్చటగా మాత్రమే చెప్పి వదిలేయలేను. 2011 జపాన్ సునామీలో 250 మంది దాకా ఈ దళ సభ్యులు పోయారు. కొందరు సముద్రపు నీటిని ఆపే గేట్లు మూయడానికి వెళ్లినవాళ్లు. అల రాకముందే వెనక్కి రావాలన్న నియమాలు ఆ తర్వాతే గట్టిపడ్డాయి. ఒకప్పుడు 20 లక్షలున్న బలగం 2022 నాటికి 8 లక్షల లోపుకి పడిపోయింది. కుర్రవాళ్లు పట్నాలకు ఉద్యోగాలకు పోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను, మీరూ అలాగే వెళ్తున్నారు.

రేపు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏ అపార్టుమెంట్లోనో దిగుతారు. మెట్లదారికి పాత సోఫా అడ్డముందేమో చూడండి. మీ అంతస్తులో మెట్లు దిగలేనివాళ్లు ఎవరో కనుక్కోండి. 101కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. దిగిన సిబ్బంది ముందుగా అడిగేది ‘లోపల ఎవరైనా ఉన్నారా, ఎక్కడున్నారు?’ అనే. జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడైనా అప్పుడు కింద ఉండాలి.