నాస్తికునితో సంవాదము - ఆస్తికుని ధర్మము



దేవుడు కలడనువారును, లేడనువారును ఒకే ఇంట నివసించుచున్న కాలమిది. తండ్రి పితృకార్యమునకు పూనుకొనగా, "మరణించినవారికి ఈ పిండము చేరునా?" అని కుమారుడు ప్రశ్నించుచున్నాడు. తండ్రి మనస్సు నొచ్చుచున్నది, మాట పెరుగుచున్నది. కొన్ని గృహములలో తండ్రీకొడుకుల నడుమ పలుకే కరవగుచున్నది. ఇట్టి యెడ ఆస్తికుని ధర్మమేమో నేడు మనము విచారింతము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు యమధర్మరాజును మూడవ వరముగా దీనినే అడిగెను. మరణించిన పిమ్మట జీవుడు కలడని కొందరు, లేడని కొందరు అనుచున్నారు, నిజమేమో తెలుపుమనెను. యముడు ఆ బాలుని గద్దింపలేదు. దేవతలకును ఈ సంశయము కలిగినదని చెప్పి, సంపదల ఆశ చూపి పరీక్షించి, లొంగకపోగా ఉపదేశించెను. సంశయమే పాపమైనచో ఆ ఉపదేశమే మనకు దక్కియుండెడిది కాదు.

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండలో జాబాలి, పరలోకము లేదనియు, పితరులకు పెట్టు అన్నము వ్యర్థమనియు శ్రీరామునితో వాదించెను. రాముడు ఆ వాదమును తీవ్రముగనే ఖండించి, సత్యమునకు కట్టుబడి నిలిచెను. అంతట వసిష్ఠుడు, రాముని అయోధ్యకు మరలింపగోరియే జాబాలి అట్లు పలికెనని చెప్పి శాంతింపజేసెను. ఖండనము కలదు, వెలివేత లేదు. 14వ శతాబ్దమున మాధవాచార్యులును సర్వదర్శనసంగ్రహమును చార్వాక దర్శనముతోనే ఆరంభించిరి. పూర్వపక్షమును చక్కగా వినిన పిమ్మటనే సిద్ధాంతము చెప్పుట మన సంప్రదాయము.

మన ఆంధ్రదేశమునకు చెందిన సమీప దృష్టాంత మొకటి కలదు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. అస్పృశ్యతా నివారణమునకు పాటుపడుచున్న వారు 1944లో సేవాగ్రామమునకేగి గాంధీ మహాత్మునితో చర్చించిరి. తన ఆస్తిక్యమే సరియనిగాని, గోరాగారి నాస్తిక్యము తప్పనిగాని చెప్పజాలనని మహాత్ముడనెను. గోరాగారి కుమార్తెకు దళిత యువకునితో ఆశ్రమమున వివాహము జరిపింప సంకల్పించి, ఆ వివాహవిధిలో దైవనామమునకు బదులు సత్యమను మాటను ఉంచుటకు సమ్మతించెను. 1948 జనవరి 30న ఆయన అస్తమించినను, ఆ మార్చిలో సేవాగ్రామముననే వివాహము జరిగినది. ఇంతమాత్రమున మహాత్ముని రామభక్తికి లోటు కలిగినదా? లేదు.

మన విశ్వాసమును మనము సడలించుకొనవలెనని దీని భావము కాదు. కర్మఫలము కలదనియు, ఆత్మ నశింపదనియు మనము నమ్ముచున్నాము. ఆ నమ్మికనే ఇచట అన్వయించుకొందము. పరలోకఫలమును ఆశింపకయే ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినవాని పుణ్యము, వాడు దేవుని పేరు పలుకలేదను కారణమున వ్యర్థమగునా? కర్మఫలదాత అంత అల్పుడా?

కావున తండ్రులారా, తద్దినమును మీరు శ్రద్ధతో ఆచరింపుడు. శ్రద్ధ లేనిదే శ్రాద్ధము లేదు. బలవంతముగ చేయించిన క్రియలో శ్రద్ధ ఎచటిది? కుమారుని శపింపక, పంక్తిలో ప్రేమతో కూర్చుండబెట్టుడు. కుమారులారా, మీకు మంత్రమునందు విశ్వాసము లేకున్నను, తండ్రి కంట నీరు ప్రత్యక్షమే గదా! ఆ దినమున ఆయన చెంత నిలువుడు. తాతగారి జ్ఞాపకమున ఒక నిరుపేదకు అన్నము పెట్టుడు.

పరలోక విషయమున వాదము నిలిచియుండనిండు. ఇహలోకమున బంధము తెగనీయకుందము.

స్వస్తి.