ఇంటి బీమా దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు



2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచెత్తిన తరువాత మేము కొందరం సింగ్‌నగర్ వీధులలో సహాయ కార్యక్రమాల కోసం తిరిగాము. కుట్టుమిషన్లు, ఫ్రిజ్జులు, పిల్లల పుస్తకాలు బురదతో వాకిళ్ళలో ఆరుతున్నాయి. ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్ళకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రకటించింది. ఆ సొమ్ము ఒక వంటింటిని తిరిగి నిలబెట్టడానికైనా చాలదు. బీమా ఉందా అని అడిగితే పలువురు స్కూటరు కాగితాలు తెచ్చి చూపారు. గృహఋణం తీసుకున్న ఒక పెద్దాయన మాత్రం తనకుందని ధీమాగా అన్నారు. చదివి చూస్తే అది ఆయన మరణిస్తే బ్యాంకు అప్పు తీర్చే పాలసీ. గోడకు, కప్పుకు దానితో సంబంధమే లేదు.

బీమా ధర్మసమ్మతమా అన్న ప్రశ్న మీలో కొందరికి ఉంటుంది. ఆలిములలో ఈ విషయమై భిన్నాభిప్రాయాలున్నాయి. అల్లర్ల భయం గల ఈ దేశ పరిస్థితులను గమనించి వెసులుబాటు ఇచ్చినవారూ వారిలో ఉన్నారు. ఆ నిర్ణయం మీరు విశ్వసించే ఆలిమును అడిగి చేసుకోండి. మేము కాగితంలో ఏముందో మాత్రమే చెబుతాము.

2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా ఇళ్ళకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అమలులో ఉంది. ఏ కంపెనీ వద్ద తీసుకున్నా మూల నిబంధనలు ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం, కొండచరియలు విరగడం, నీటి ట్యాంకు పగిలిపోవడం వంటివన్నీ దాని పరిధిలోనివే. మన సమాజం ప్రత్యేకంగా గమనించవలసినది మరొకటుంది: అల్లర్లు, సమ్మెలు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం, ఉగ్రవాద చర్య కూడా అందులో చేరి ఉన్నాయి. అల్లరిమూక ఇల్లు తగులబెడితే బీమా వర్తిస్తుంది. ఆ అల్లర్ల కారణంగా ఏడు రోజులలోపు జరిగిన దొంగతనానికీ వర్తిస్తుంది. మామూలు రోజుల్లో దొంగ తాళం పగులగొడితే మాత్రం ఈ పాలసీ పలకదు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి.

ఇక్కడే ఒక వాక్యాన్ని మీరు రెండుసార్లు చదవాలి. ప్రభుత్వం గాని, చట్టబద్ధమైన అధికారి గాని ఇచ్చిన ఆదేశంతో జరిగిన కూల్చివేతకు, స్వాధీనానికి పరిహారం లేదు. అంటే మూక పగులగొట్టిన గోడకు సొమ్ము వస్తుంది, బుల్డోజరు కూల్చిన గోడకు రాదు. ఎవరైనా అక్రమంగా ఇంటిని ఆక్రమించుకున్నా అంతే. ఏజెంట్లు ఈ మాట చెప్పరు. బహుశా వారూ చదివి ఉండరు.

కూల్చివేతకు రక్షణ వెదకవలసిన చోటు న్యాయస్థానం. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కనీసం 15 రోజుల ముందుగా నోటీసు ఇవ్వకుండా ఇల్లు కూల్చరాదు. ఆ నోటీసు రిజిస్టరు పోస్టులో రావాలి, కట్టడంపై అతికించాలి. కేవలం ఒకరిపై నేరారోపణ ఉన్నంత మాత్రాన అతని ఇంటిని పడగొట్టరాదు. ఉల్లంఘించిన అధికారి సొంత ఖర్చుతో ఆస్తిని పునరుద్ధరించవలసి ఉంటుంది. అయితే రోడ్డు, కాలిబాట, రైలుమార్గం, నది, చెరువు వంటి బహిరంగ స్థలాలలోని అక్రమ నిర్మాణాలకు ఈ రక్షణ లేదు. చెరువు శిఖంలో తక్కువ ధరకు ప్లాటు వచ్చిందని సంతోషించేవారు కొనకముందే దీనిని గుర్తుంచుకోవాలి. అక్కడ బీమా ఆదుకోదు, ఆ తీర్పూ ఆదుకోదు.

ఇక ఎంతకు బీమా చేయాలి? స్థలం విలువకు బీమా ఉండదు. కార్పెట్ ఏరియాను నేటి నిర్మాణ ధరతో గుణించాలి. వేయి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 రూపాయల ఖర్చు అనుకుంటే 20 లక్షలు. అందులో 20 శాతం, అంటే 4 లక్షలు, ఇంట్లోని సామానుకు తనంతట తానే వర్తిస్తుంది. దీని గరిష్ఠ పరిమితి 10 లక్షలు. పాత పాలసీలలో సగం విలువకే బీమా చేసినవారికి చిన్న నష్టంలోనూ సగమే చెల్లించేవారు. ఇప్పుడు ఆ కోత తీసివేశారు. ఇల్లు పూర్తిగా పోతే మాత్రం మీరు రాయించిన మొత్తానికి మించి రాదు. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు.

బీరువాలోని నగదు, చెక్కులు, వాహనాలు ఇందులో లేవు. నగలకు విడిగా విలువ రాయించి ఐచ్ఛిక రక్షణ తీసుకోవాలి. ముందుగదిలో కిరాణా కొట్టో, టైలరింగు షాపో ఉంటే దాచవద్దు. వ్యాపారానికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే వేరే పాలసీ ఉంది.

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలపాలి. అల్లర్లు, దొంగతనం, అగ్నిప్రమాదమైతే పోలీసులకూ ఫిర్యాదు చేయాలి. సర్వేయరు రాకముందే బురదను కడిగి శుభ్రం చేసి సాక్ష్యాన్ని పోగొట్టుకున్న కుటుంబాన్ని మేము చూశాము. ముందు ఫోటోలు తీయండి, తరువాత కడగండి. క్లెయిము ఫారం 30 రోజుల్లో ఇవ్వాలి. తిరస్కరిస్తే, లేదా నెల గడిచినా జవాబు రాకుంటే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. 50 లక్షల వరకు తీర్పు చెప్పే అధికారం ఆయనకుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ కార్యాలయం పరిధిలోనివే.

పాలసీ కాగితాలు వెంట తెచ్చినవారు సభ ముగిశాక ఆగండి. చిన్న అక్షరాలు మీతో కలిసి చదువుతాము.