నేలవేము - జ్వరశమనము



కంచెల వెంబడి, చెట్లనీడలయందు రెండడుగుల యెత్తున పెరుగు నేలవేము నెరుగనివారు పల్లెలలో అరుదు. వేపచెట్టుతో దీనికి చుట్టరికము లేదు. చేదునుబట్టియే ఆ పేరు. సంస్కృతమున దీనిని భూనింబమనియు అందురు. కాని అమరకోశమున భూనింబము కిరాతతిక్తమునకు పర్యాయపదము. అది హిమాలయ ప్రాంతపు మొక్క. పేరొక్కటియైనను ఓషధులు రెండు. ఇచ్చట చెప్పబోవునది మన నేలవేమును గూర్చియే.

దీని చేదునకు ముఖ్యకారణమైన పదార్థము ఆండ్రోగ్రాఫొలైడు. 1911లో గోర్టరు అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధరూపమున వేరుచేసెను.

జ్వరము రోగము కాదు, రోగలక్షణము. సూక్ష్మజీవులు దేహమున జొరబడగానే నెత్తుటిలోని తెల్లకణములు కొన్ని రసాయనములను విడుచును. వానివలన ప్రోస్టాగ్లాండిను పుట్టి, మెదడులో వేడిని నియమించు స్థానమును పై మెట్టునకు జరుపును. అందుచేతనే ఒళ్ళు 102 డిగ్రీలకు ఎక్కుచున్నను రోగికి చలియే తోచును. పారాసిటమాలు ఆ ప్రోస్టాగ్లాండినును పుట్టనీయదు. ఆండ్రోగ్రాఫొలైడు అంతకు ముందే, ఆ రసాయనములను తయారుచేయుడని కణములో వెడలు ఆజ్ఞనే అడ్డగించునని 2004 నాటి ప్రయోగములు చూపినవి. తలారిని గాక, తాకీదు వ్రాయు చేతినే పట్టుకొనుట వంటిదిది.

1995లో ఎలుకలకు ఈస్టు ఎక్కించి జ్వరము రప్పించి, కిలో బరువునకు 300 మిల్లీగ్రాముల చొప్పున ఈ పదార్థము నీయగా వేడి తగ్గెను. ఆ లెక్క మనుష్యులకు పనికిరాదు. 50 కిలోల మనిషికి అది 15 గ్రాములగును! పైగా ఈ పదార్థము నీటిలో సరిగా కరగదు గనుక, కషాయమున ఎంత దిగినదో చెప్పుట కష్టము.

థాయిలాండులో గొంతువాపుతో బాధపడు 152 మంది పెద్దలపై జరిపిన పరీక్షాఫలితములు 1991లో వెలువడినవి. రోజునకు 6 గ్రాముల నేలవేము చూర్ణము పుచ్చుకొన్నవారికి మూడవనాటికి జ్వరమును, గొంతునొప్పియు పారాసిటమాలు వాడినవారితో సమముగా తగ్గెను. 3 గ్రాములు పుచ్చుకొన్నవారికి అంతగా తగ్గలేదు. ఏడవనాటికి మూడు తెగలవారికిని భేదమే లేకపోయెను.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. గొంతువాపు తరచు తనంత తాను మానును. టైఫాయిడు, మలేరియా అట్టివి కావు. 1897లో సికిందరాబాదున రొనాల్డు రాసు దోమ కడుపులో చూచిన ఆ మలేరియా క్రిమి, ఒళ్ళు చల్లబడినంతమాత్రాన చావదు. కషాయము పనిచేసినదని మురిసి నెత్తురు పరీక్షకు జాగుచేసిన ఇంట అది లోలోన పెరుగుచునే యుండును. "రెండుపూటలు చూతము" అను మాట వానకాలమున మిక్కిలి ప్రమాదకరము. పరీక్ష ముందు, కషాయము తరువాత.

గర్భిణులకు నేలవేము ఏ రూపముననైనను ఈయరాదు. చంటిబిడ్డలకు మోతాదెంతయని అడుగువారు కలరు. పై పరీక్ష జరిగినది పెద్దలపైననే గనుక, ఆ 6 గ్రాములను భాగించి బిడ్డల లెక్క తేల్చుటకు వీలులేదు.